తువ్వాలు వేసిన సీటు

వేలుపూడి సత్యభామ టాకీసు ఒక్కటి రెండు డజన్ల హాళ్లు ఎలా అయిందని చాలామంది అడుగుతుంటారు. మంచి సినిమాలు వేశాం కాబట్టి అనుకుంటారు పాపం. సినిమాలకీ మా అభివృద్ధికీ ఏ సంబంధమూ లేదు. మేం పెరిగింది తువ్వాళ్ల వల్ల. మొదటి హాలుకి మేనేజర్ని నేనే కాబట్టి ఈ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, మంగాయమ్మకి తప్ప. ఆవిడ సీటు సంగతి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

హాలు కట్టించింది ధాన్యం వ్యాపారి కోటిలింగం గారు. ఆయన రోజుల్లో సీట్లకి నంబర్లు ఉండేవి కావు. గేటు తీయగానే మగవాళ్లు తోసుకుంటూ లోపలికి దూరి, భుజం మీది తువ్వాలు తీసి విసిరేవారు. అది పడ్డచోట ఆ కుటుంబం కూర్చోవాలి. వెనకాల ఆడవాళ్లూ పిల్లలూ జంతికల డబ్బాతో సహా నింపాదిగా వచ్చేవారు. ఒకసారి పెద్ద హీరో సినిమా మొదటాటకి ఎవరో ఎవరి తువ్వాలో పక్కకి జరిపారు. తలలు పగిలాయి. మర్నాడే కోటిలింగం గారు గోడ మీద ఎర్రరంగుతో రాయించారు: "తువ్వాలు వేసిన సీటు ముట్టరాదు. తువ్వాలుంటే మనిషి ఉన్నట్టే." దాంతో గొడవలు ఆగాయి. చంటిపిల్లల తల్లులు కూడా ధైర్యంగా సినిమాకి రావడం మొదలుపెట్టారు.

ఈ విసరడంలో ఎండుచేపలమ్మే సూరయ్యని మించినవాడు ఊళ్లో లేడు. గుమ్మం దాటీ దాటకముందే, పది తలల మీంచి, మూడో వరసలో ఫ్యాను కింద సరిగ్గా రెండు సీట్లకీ అడ్డంగా పడేసేవాడు. అతని భార్య మంగాయమ్మకి సినిమా అంటే ప్రాణం. "మా మావ ఉండగా సీటు ఎతుక్కోడవంటే ఏటో నాకు తెల్దు బాబూ" అనేది. సూరయ్య పోయాక కూడా ఆవిడ సినిమాలు మానలేదు. రెండు టిక్కెట్లు తీసుకుని, ఒక సీట్లో తను కూర్చుని, పక్క సీట్లో అతని ఎర్రగళ్ల తువ్వాలు పరిచేది. సినిమా నడుస్తున్నంతసేపూ దానితో మాట్లాడేది.

"సూసేవా మావా? ఆ కళ్లజోడోడే దొంగని నే ముందే సెప్పలేదేటి?"

హాల్లో ఎవరూ నవ్వేవారు కాదు. కథ అర్థంకాని వాళ్లయితే ఆవిడ వెనక వరసలో కూర్చునేవారు. కోటిలింగం గారు పోయేముందు నన్ను పిలిచి, "అన్నీ మారిపోతాయి కామేశం. ఆవిడ సీటు జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వకు" అన్నారు. సరేనన్నాను.

ఆయనకి మగపిల్లలు లేరు. అల్లుడు నరహరి గారు మేనేజింగ్ డైరెక్టరుగా దిగారు. ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏ శాఖో ఆయన స్పష్టంగా చెప్పలేదు, ఆయనకీ స్పష్టంగా తెలుసని నేననుకోను. వస్తూ వస్తూ ఆఫీసులో తను కూర్చున్న కుర్చీలాంటిదే ఒకటి, దాని వీపు మీద వేసే తెల్లటి టర్కీ టవలూ తెచ్చుకున్నారు.

"ఈ టవల్ చూశావా కామేశం?" అన్నారు మొదటిరోజే. "నా సర్వీసు మొత్తంలో ఇది ఒక్కరోజు సెలవు పెట్టలేదు. నేను పెళ్లిళ్లకి వెళ్లాను, తీర్థయాత్రలకి వెళ్లాను. ఇది మాత్రం కుర్చీ దిగలేదు. ఎవరొచ్చి అడిగినా మా బంట్రోతు 'సారు సీట్లోనే ఉన్నారు, టవలుంది చూడండి' అనేవాడు. వచ్చినవాళ్లు టవల్‌కి నమస్కారం పెట్టి వెళ్లేవారు. పరిపాలన అంటే అదీ!"

ఆ తర్వాత హాలు చూడ్డానికి బయల్దేరారు. గోడ మీద మామగారి ఎర్ర అక్షరాలు చదివి అలాగే నిలబడిపోయారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"మామగారు ధాన్యం కొలుచుకునే మనిషి అనుకున్నానయ్యా. ఇంతటి పరిపాలనాదక్షుడని నాకెవరూ చెప్పలేదే!"

మర్నాడు సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయునదేమనగా, ప్రేక్షకులు చంచల స్వభావులగుటచేతను, ప్రదర్శన మధ్యలో లేచుట, మరుగుదొడ్డికి పోవుట, బంధువుల పక్కకు మారుట మున్నగు చర్యలకు పాల్పడుచున్నందునను, వారిని లెక్కించుట దుస్సాధ్యమగుచున్నది. టవల్ స్థిరమైనది. కావున ఇకపై హాజరు టవళ్ల ప్రాతిపదికన మాత్రమే పరిగణింపబడును."

ఆ వారం ఆడుతున్నది పరమ చెత్త సినిమా. మే నెల ఎండలకి తట్టుకోలేక, ఫ్యాన్ల కోసం ఓ పాతికమంది వచ్చారు. చెమట పట్టిన తువ్వాళ్లు పక్క సీట్ల మీద, ముందు సీట్ల మీద, దొరికిన ప్రతి సీటు మీదా ఆరేశారు. ఇంటర్వెల్లో సగంమంది తువ్వాళ్లు ఆరనిచ్చి టీకి వెళ్లారు, మిగిలినవాళ్లు వాళ్లని పిలుచుకొస్తామని వెళ్లారు. చూసేవాళ్లు లేరు కదా అని ఆపరేటరు మెషీను ఆపేశాడు. నరహరి గారు మండిపడ్డారు.

"హాల్లో టవళ్లుండగా ప్రదర్శన ఎలా ఆపుతావయ్యా? రేపు అవి ఫిర్యాదు చేస్తే ఎవడు సమాధానం చెప్తాడు?"

వెంటనే ఇంకో ఉత్తర్వు: "హాలునందు ఒక్క టవల్ ఉన్ననూ, ఏ కారణముచేతనైననూ ప్రదర్శన నిలుపరాదు." తువ్వాళ్లు ఒక్కటీ మధ్యలో లేవకుండా సినిమా ఆఖరిదాకా చూశాయి. లెక్కల్లో అది మా హాలు చరిత్రలోనే బ్రహ్మాండమైన సినిమాగా నమోదైంది.

ఇక అభివృద్ధి మొదలైంది. తువ్వాలు తెచ్చుకోని ప్రేక్షకులకి అన్యాయం జరగరాదని, కంపెనీయే సీటుకొకటి చొప్పున టవళ్లు సరఫరా చేసింది. నీలం అంచు, మూల మీద సత్యభామ అని దారంతో కుట్టు. సినిమా మొదలయ్యేలోపు ప్రతి సీటు మీదా ఒకటి పరవాలి. బాగానే ఉంది. తర్వాత జనం వచ్చారు. తా దూర సందు లేదు, మెడకో డోలన్నట్టయింది.

"నా సీట్లో ఎవరిదో తువ్వాలుందండి" అన్నాడొకాయన టిక్కెట్టు చూపించి.

"అయితే అందులో మనిషున్నట్టేనండి" అన్నాడు గేటు దగ్గరి సింహాద్రి. కొత్త ఉత్తర్వులన్నీ అతనికి కంఠతా వచ్చు.

"ఆ మనిషిని నేనేనయ్యా!"

"తువ్వాలు తమరిదేనా అండి?"

"కాదు. కంపెనీది."

"మరి!" అన్నాడు సింహాద్రి. ఆయన టిక్కెట్టు జేబులో పెట్టుకున్నాడు. వెళ్లి గోడవారన నిలబడ్డాడు. మన జనానికి సినిమా పిచ్చి మామూలుది కాదు కదా, ఆయన వెనకాల అందరూ నిలబడ్డారు.

నరహరి గారు తలుపు సందులోంచి తొంగిచూశారు. సీట్లు నిండుగా టవళ్లు, నడవల్లో కిటకిటలాడుతూ జనం. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "హాలు నిండిపోయి, ఇంకా ఇంతమంది నిలబడ్డారంటే మనం ప్రజల అవసరాలు తీర్చడంలో వెనకబడ్డామయ్యా. పక్క ఊళ్లో ఇంకోటి కట్టాలి."

కట్టారు. అందులో సీట్లన్నిటి మీదా టవళ్లు పరిచారు. జనం నిలబడ్డారు. నిలబడ్డ జనాన్ని చూసి ఇంకో ఊళ్లో కట్టారు. ఎంత కట్టినా నిలబడేవాళ్లు తగ్గడం లేదన్న బాధ ఆయన్ని నిద్రపోనిచ్చేది కాదు. కంపెనీలో ప్రొజెక్షన్ విభాగం కంటే చాకిరేవు విభాగం పెద్దదైంది. దానికో జనరల్ మేనేజరు. సినిమాలు ఎంచడానికి ఎవరూ లేరు, ఏ డబ్బా ముందొస్తే అది వేసేవారు. ప్రారంభోత్సవాలు మరీ ఎక్కువైపోవడంతో ముఖ్య అతిథులు కూడా రావడం మానేసి టవళ్లు పంపించేవారు. వేదిక మధ్య కుర్చీలో టవల్‌కి దండ వేసి, సన్మానపత్రం చదివేవాళ్లం. ఉపన్యాసాలన్నీ ఫోను చూసుకోకుండా విన్న ముఖ్య అతిథి అదొక్కటేనని విలేకరులు కూడా ఒప్పుకున్నారు.

ఇంత జరిగినా వేలుపూడిలో మూడో వరస ఫ్యాను కింద రెండు సీట్ల మీద నేను కంపెనీ టవళ్లు వేయనివ్వలేదు. మంగాయమ్మ వచ్చేది, కూర్చునేది, ఎర్రగళ్ల తువ్వాలుకి కథ చెప్పేది. మొత్తం కంపెనీలో కూర్చుని సినిమా చూస్తున్న ప్రేక్షకురాలు ఆవిడొక్కతే అయ్యుంటుంది.

ఆ ఒక్క సీటూ ఎంతకాలం ఆగుతుంది? హెడ్డాఫీసు నుంచి హాజరు తనిఖీ అధికారి చిదానందం గారు టార్చిలైటుతో దిగారు. మూడో వరస దగ్గర ఆగారు. లైటు ఎర్రగళ్ల తువ్వాలు మీద వేశారు, మంగాయమ్మ మీద వేశారు, మళ్లీ తువ్వాలు మీద వేశారు.

"ఇది అనధికార టవల్. అయినా టవలే. ఉండొచ్చు" అన్నారు. "ఈ పక్క సీటు ఎందుకు ఖాళీగా ఉంది?"

"ఖాళీ ఏటి బాబూ?" అంది మంగాయమ్మ. "నేను కూకున్నాను కదా. కనపడతల్లేదా?"

"మీరు కూర్చున్నారమ్మా. నేను కాదనలేదు. సీటు మాత్రం ఖాళీగా ఉంది."

"నేను కూకుంటే కాళీ ఎలాగవుద్ది?"

"టవల్ లేదు కదమ్మా. లేకుండా ఎవరున్నారని రాయను? ఖాళీ సీటుకి అడ్డంగా ఎవరూ ఉండకూడదని నిబంధన. లేవండి."

ఆవిడ నా వైపు చూసింది. నేను కోటిలింగం గారి మాట చెప్పాను, నియమం ఆయనదే అని చెప్పాను, ఆవిడ కంపెనీ కంటే పాత ప్రేక్షకురాలని చెప్పాను. చిదానందం గారు మర్యాదగానే విన్నారు. ఇద్దరు టవల్ సహాయకులు వచ్చి సీటు మీద నీలం అంచు టవల్ పరిచే సమయానికి ఆవిడ నడవలో నిలబడి ఉంది.

"పోనీ తువ్వాలూ నీతోపాటు తీసుకెళ్లమ్మా" అన్నాను.

"ఆయన కూకున్నాడు కదా బాబూ, లేపడం ఎందుకూ? సూడనీ" అంది. సినిమా ఆఖరిదాకా నడవలోనే నిలబడింది. అంత దూరం నుంచి చెబితే వినపడదనుకుందో ఏమో, ఆరోజు ఏమీ మాట్లాడలేదు. తువ్వాలు అక్కడే ఉంచి బయటికొచ్చాక మాత్రం, "ఈ సినిమా నాకేటీ అర్తవవలేదు బాబూ. పక్కన ఆయన లేపోతే ఎవరు ఎవరో తెల్లేదు" అంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. హెడ్డాఫీసుకి రాశాను. "సదరు మహిళ టవల్ కానందున ఆమె విజ్ఞప్తి పరిశీలనార్హము కాదు" అని జవాబొచ్చింది.

నేను మళ్లీ రాసేలోపే మా హాలుకి మరమ్మతులు మొదలయ్యాయి. మూలస్థానం కనుక దీన్ని ఏసీ చేసి, పునఃప్రారంభోత్సవం ఘనంగా జరపాలని నరహరి గారి సంకల్పం. ముఖ్య అతిథి ఒక మంత్రిగారు, అంటే ఆయన టవల్. దానికీ నరహరి గారికీ కలిపి కూర్చునే చోటు కోసం హాలంతా వెతికి, అన్నిటికంటే మంచి చోటని మూడో వరస ఎంచారు. అక్కడి సీట్లు పీకేసి ఎర్ర ముఖమల్ సోఫా వేశారు. ఇద్దరికి సరిపోయేది. పీకేసిన సీట్లోంచి ఎర్రగళ్ల తువ్వాలు తీసి మంగాయమ్మకి ఇచ్చేసినవాణ్ణి నేనే. ఆవిడ దాన్ని దులిపి భుజాన వేసుకుంది.

ప్రారంభోత్సవం మ్యాట్నీకి. సీట్లన్నిటి మీదా కొత్త టవళ్లు, నడవల నిండా జనం. సోఫాలో ఒకవైపు నరహరి గారి తెల్ల టర్కీ టవల్. మంగాయమ్మ గుమ్మం దగ్గర గుంపులో ఉంది. బయట కారు ఆగింది. మంత్రిగారి పీఏ జరీ అంచు టవల్ రెండు చేతులమీదా పెట్టుకుని దిగాడు. మేం వెండి పళ్లెం సిద్ధం చేశాం.

"వట్టి పళ్లెంలో పెడతారా?" అన్నాడు పీఏ. "సారు హోదా ఏమిటి, కింద కనీసం ఒక టవలైనా వేయరా?"

నరహరి గారు నాలుక కరుచుకున్నారు. కంపెనీ టవళ్లు వేస్తే మంత్రిగారికి తక్కువ. ఆ హాల్లో తగిన హోదా ఉన్న టవల్ ఒక్కటే. ఆయన పరిగెత్తుకెళ్లి సోఫా మీది తన టవల్ తీసి, తెచ్చి, స్వయంగా పళ్లెంలో పరిచారు. దాని మీద జరీ టవల్ పెట్టారు. మేళం మొదలైంది.

ఆయన సర్వీసులో మొదటిసారి ఆ సీటు ఖాళీగా ఉంది.

గుమ్మం దగ్గర్నుంచి ఏదో ఎర్రగా లేచింది. పది తలల మీంచి వెళ్లి, విచ్చుకుని, సోఫా మీద పడింది. హాల్లో పాతవాళ్లంతా ఒక్కసారి గుమ్మం వైపు తిరిగారు. అలా విసరగలిగినవాడు ఊళ్లో ఒక్కడే ఉండేవాడు, అతని దగ్గర చూసి నేర్చుకున్న మనిషి ఒక్కతే ఉంది. జనం దారిచ్చారు. మంగాయమ్మ నడిచి వెళ్లి, తువ్వాలు ముడత సరిచేసి, దాని పక్కన కూర్చుంది.

"సీటు దొరికింది మావా" అంది.

పళ్లెంతో లోపలికొచ్చిన నరహరి గారు సోఫా చూసి ఆగిపోయారు. "ఏమిటిది? తీసెయ్యండి దీన్ని!"

ఎవరూ కదలలేదు. సింహాద్రి వినయంగా గోడ చూపించాడు. మరమ్మతుల్లో ఆ ఎర్ర అక్షరాలకి కొత్త రంగు వేయించింది నరహరి గారే.

"తువ్వాలుందండి" అన్నాడు సింహాద్రి. "మనిషున్నట్టేనండి."

నరహరి గారు చిదానందం గారి వైపు తిరిగారు. చిదానందం గారు టార్చిలైటు వేసి చూశారు. "అనధికారమే సార్. అయినా ముందు పడింది. కుడివైపు సీటు భర్తీ అయినట్టే. ఎడమవైపు టవల్ లేదు కనుక ఖాళీ. తమరు దయచేయండి."

నరహరి గారు ఎడమవైపుకి వచ్చారు. నిబంధన ప్రకారం ఆ సీటు ఖాళీ. అందులో మంగాయమ్మ ఉంది. కూర్చోబోయి వంగారు, లేచారు. మళ్లీ వంగారు, మళ్లీ లేచారు. ఖాళీ సీట్లో మనిషి ఉండటం ఆయన ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"కూకోండి బాబూ, పర్లేదు" అంది మంగాయమ్మ. "నేను లేనంటన్నారు కదా."

ఈలోగా పీఏకి విసుగొచ్చింది. "మంత్రిగారు నిలబడి ఉండాలా?" అంటూ జరీ టవల్ తీసి, రికార్డుల్లో ఖాళీగా ఉన్న ఆ సీటు మీద, అంటే మంగాయమ్మ ఒళ్లో, పరిచాడు. హాలు చల్లగా ఉంది. కొత్త ఏసీ మరి. ఆవిడ జరీ టవల్ అటూ ఇటూ చూసి, నిండా కప్పుకుంది.

"ఎచ్చగా ఉంది" అంది తువ్వాలుతో. "నీక్కూడా సలేత్తే సెప్పు."

నడవలో చలికి వణుకుతున్న ముసలాయనకి ఆ మాట వినపడింది. పక్క సీటు మీది నీలం అంచు టవల్ తీసి కప్పుకుని ఆ సీట్లో కూర్చున్నాడు. ఆయన పక్కన ఆయన మనవరాలు. తర్వాత ఇంక ఎవరినీ ఆపలేకపోయాం. ఆపడానికి నేనేమంత ప్రయత్నించలేదు కూడా. రెండు నిమిషాల్లో హాలంతా టవళ్లు కప్పుకున్న జనం. దీపాలు ఆరాయి. ఎన్నో ఏళ్ల తర్వాత మా హాల్లో వెయ్యి గొంతులు ఒక్కసారి నవ్వగా విన్నాను. వాటిల్లో ఒక గొంతు ముందు వరసల్లోంచి, "ఆ మీసాలోడి మీద కన్నేసుంచు మావా" అంటోంది. నరహరి గారు గోడవారన నిలబడి సినిమా చూశారు. పక్కన చిదానందం గారు టార్చిలైటుతో సీట్ల మీది టవళ్లు లెక్కపెట్టుకుంటున్నారు.

మూడోరోజు హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. "వేలుపూడి హాలునందు పునఃప్రారంభోత్సవము నాడు సీట్లయందు గుర్తింపబడిన టవల్ ఒక్కటి మాత్రమే. ప్రేక్షకాదరణ పూర్తిగా కొరవడినందున సదరు హాలును తక్షణమే మూసివేయవలెను." కింద నరహరి గారి సంతకం. మిగతా ఊళ్లలో నిలబడేవాళ్ల కోసం ఆయన ఆ వారమే ఇంకో రెండు హాళ్లకి శంకుస్థాపన చేశారు.

మంగాయమ్మ గేటు దగ్గరికొచ్చింది. ఉత్తర్వు చదివి వినిపించాను.

"మూసేత్తారేటి బాబూ?"

"మూసెయ్యాలమ్మా. కానీ హాల్లో టవల్ ఉన్నంతసేపూ సినిమా ఆపకూడదని ఇంకో ఉత్తర్వుంది. దాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు."

ఆవిడ లోపలికెళ్లి, ఉతికి తెచ్చిన ఎర్రగళ్ల తువ్వాలు సోఫా కుడివైపు పరిచి, వట్టి భుజంతో బయటికొచ్చింది.

"ఉండనీ బాబూ. ఇంటికాడుండి మాత్రం ఏం సేత్తాడు? ఇక్కడైతే అన్నాటలూ సూత్తాడు."

నేను ఉత్తర్వులు రెండూ పాటిస్తున్నాను. హాలు మూసేశానని రాసి పంపాను. ఒక టవల్ కోసం రోజూ సినిమా వేస్తున్నాను. మిగతా సీట్లు ఖాళీ అని హెడ్డాఫీసుకి తెలుసు కాబట్టి తనిఖీకి ఎవరూ రారు.

మా హాలు మూతపడి రేపటికి ఏడాది. నిన్న మ్యాట్నీకి నేను కాస్త ఆలస్యంగా లోపలికి వెళ్తే సీటు దొరకలేదు. నిలబడి చూశాను.